అక్కపల్లెకి వచ్చిన మనిషి

బెల్లు మోగితే సభకి వచ్చిన వర్ష అయ్యుంటుందనుకుని, ఆండాళ్ చేతికున్న శనగపిండి కడుక్కోకుండానే వెళ్ళి తలుపు తీసింది. ఎదురుగా సాత్విక్. ఇస్త్రీ చొక్కా, చేతిలో మిఠాయి డబ్బా, మొహం నిండా నవ్వు.

"నమస్తే ఆంటీ. పూజితనీ పాపనీ తీసుకెళ్దామని వచ్చాను," అన్నాడు.

ఆండాళ్‌కి గుండె గుభేలుమంది. పూజిత ఈ ఇంటికొచ్చి గంట కూడా కాలేదు. రెండేళ్ళ అనన్యని ఒళ్ళో పెట్టుకుని కింద బేస్‌మెంట్‌లో కూర్చుని ఉంది, పక్కనే సూట్‌కేసు. ఆ సంగతి తనకి తెలుసు, కార్లో తీసుకొచ్చిన రాధారాణికి తెలుసు. మరి ఇతనికి ఎవరు ఊదినట్టు? ఇక్కడికి రాలేదు బాబూ అని ఓ అబద్ధం ఆడేద్దామనుకుంది గానీ, గుమ్మం దగ్గర చాప మీద పూజిత చెప్పులూ, పక్కనే పాప బుల్లి బూట్లూ కుదురుగా కూర్చుని ఉన్నాయి. చెప్పులు గుమ్మంలో విడిచే జాతికి అబద్ధాలాడే యోగం ఎక్కడుంది.

"మీ చాప్టర్ చదివానాంటీ. మీరింత బాగా రాస్తారనుకోలేదు," అన్నాడు సాత్విక్, బూట్లు విప్పుకుంటూ.

అప్పుడు తెలిసింది ఆండాళ్‌కి, ఊదింది తనేనని.

ఇక్కడ కాస్త ఆగి ఆ చాప్టర్ సంగతి చెప్పాలి. ఆండాళ్ ట్రాయ్ ఊళ్ళో పిల్లల డాక్టరుగా చేసి చేసి రిటైరైంది. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక శనివారం మధ్యాహ్నాలు బేస్‌మెంట్‌లో ఆడవాళ్ళ సాహిత్య సభ మొదలెట్టింది. సభ అంటే పెద్దగా ఊహించుకోకండి. తొమ్మిది పది మంది, మిరపకాయ బజ్జీలు, మధ్యలో సాహిత్యం. ఆ ఏడాది, అంటే 2010లో, తెలుగు సంఘం వాళ్ళు సావనీర్ వేస్తాం, మీరూ ఏదైనా రాసివ్వండి అన్నారు. సరే, గొలుసు నవల రాద్దామనుకున్నారు. ఒకరు ఒక అధ్యాయం రాస్తే అక్కణ్ణుంచి ఇంకొకరు అందుకోవాలి. షరతు ఒక్కటే, ముందువాళ్ళు రాసినదాన్ని చెరపడానికి లేదు. నచ్చినా నచ్చకపోయినా దాన్ని నెత్తినెత్తుకునే ముందుకు నడవాలి.

కథ మగవాళ్ళు లేని ఊరి గురించి. పేరు అక్కపల్లె. ఆ ఊళ్ళో ఎవర్నీ 'మీ ఆయన ఏం చేస్తారు' అని అడగరు. ఊరంతటికీ ఒకటే వంటిల్లు, వంతుల వారీగా వండుతారు. ఆడపిల్లలు అర్ధరాత్రి ఏటి ఒడ్డున పాటలు పాడుకుంటూ తిరుగుతారు. రాధారాణి అధ్యాయంలో అంట్లు వాటంతటవే కడుక్కుని వెళ్ళి అల్మారాలో కూర్చున్నాయి. ఆడదాని స్వర్గమంటే డిష్‌వాషరేనటే అని ఆండాళ్ ఏడిపించింది. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే వర్ష తన అధ్యాయంలో ఊరికో గ్రంథాలయం కట్టించి, అందులో పుస్తకం పట్టుకున్న మనిషిని ఎవరూ పిలవకూడదని చట్టం చేసింది. అలా ఏడు అధ్యాయాలు నడిచాయి. అందరికీ ఎంత ముచ్చటో.

ఎనిమిదోది పూజితది. హనుమకొండ పిల్ల. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి, హెచ్-4 వీసా మీద భర్త వెంట వచ్చి, ఉద్యోగం చేయడానికి వీల్లేక ఇంట్లో కూర్చుంది. నోట్లో నాలుక లేనట్టుండేది. అలాంటి పిల్ల పోయిన శనివారం కాగితం తెరవకముందే ఒక ప్రశ్న వేసింది. "మీరందరు ఊరెట్లుంటదో రాసిన్రు. ఆ ఊరికి ఎట్ల రావాలె అనేది ఎవరూ రాయలేదు."

నిజమే. ఎవరూ రాయలేదు. ఆమె రాసింది. ఒకావిడ పిల్లని చంకనేసుకుని నడిచి నడిచి అక్కపల్లె గేటు దగ్గరికి వస్తుంది. కాపలా ఉన్న పెద్దావిడ లోపలికి రానివ్వకుండా అడుగుతుంది. ఎందుకొచ్చావు, అతనేం చేశాడు, కొట్టాడా, ఎన్నిసార్లు, నువ్వు సర్దుకుపోవాలని చూశావా? అధ్యాయం అక్కడితో ఆగిపోయింది. బజ్జీలు తినే చేతులూ ఆగిపోయాయి. రాధారాణి మాత్రం తేరుకుని, మన ఊళ్ళో అలాంటి గేటెందుకమ్మా, అది స్వర్గం కదా, ఆ ముక్క తీసేయ్ అంది. చెరపడానికి లేదు కదాంటీ అంది పూజిత, నేలకేసి చూస్తూ.

అందరూ వెళ్ళాక, రాధారాణి కారు వేడెక్కేలోపు, పూజిత ఆండాళ్‌తో అసలు సంగతి చెప్పింది. సాత్విక్ టికెట్ తీశాడు. హనుమకొండలో ఉన్న వాళ్ళమ్మని చూసి రమ్మని, పూజిత ఒక్కదానికే. పాప ఇక్కడే ఉంటుంది, అతని తల్లి వచ్చి చూసుకుంటుంది. పూజిత పాస్‌పోర్టు అతని దగ్గరే, ఎక్కడ పెట్టాడో తెలియదు. ప్రయాణం వచ్చే ఆదివారం. "పోతే మళ్ళ రానియ్యడు ఆంటీ. పాపను నాకియ్యడు. నాకు భయమైతుంది," అంది. చేయి ఎత్తుతాడా అని ఆండాళ్ అడగబోయి, అప్పుడే విన్న అధ్యాయం గుర్తొచ్చి నోరు మూసుకుంది.

తొమ్మిదో అధ్యాయం వంతు ఆండాళ్‌ది. కాపలావిడ అడిగిన ప్రశ్నల్ని చెరపడానికి లేదు కాబట్టి, వెనకనించి ఇంకో ముసలావిడని తీసుకొచ్చింది. ఆవిడ మొదటావిణ్ణి భుజం పట్టి పక్కకి జరిపి, గేటు తీసి, 'అమ్మా, ముందు పాపకి పాలు పట్టు, మాటలు తర్వాత' అంటుంది. రాసుకుంటూ ఆండాళ్ తనే ఏడ్చింది. ఆ ఊపులో బుధవారం అందరికీ మెయిల్ చేస్తూ, పూజితకి పంపిన దాని అడుగున ఇంకో ముక్క కలిపింది. ఇది కథ కాదమ్మా, శనివారం బట్టలు సర్దుకుని పాపని తీసుకుని వచ్చెయ్, ఆ గేటు మా ఇల్లే అనుకో.

పంపింది ఎక్కడికి? వాళ్ళ పెళ్ళి శుభలేఖ మీద కూడా అచ్చేసిన ఐడీకి. సాత్విక్ పేరూ పూజిత పేరూ కలిపి ఒకటే ఈమెయిల్. మనవాళ్ళకి అదో ముచ్చట, జంటకి ఒకే ఐడీ ఉంటే ఎంత అన్యోన్యమో అనుకుంటాం. ఆండాళ్‌కీ మొగుడు రామమోహనరావుకీ కూడా ఒకటే. దాని పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంటుందో ఆలోచించే బుద్ధి అన్నేళ్ళు చేసిన డాక్టరమ్మకి లేకపోయింది.

ఇంతకంటే సిగ్గుచేటు ఇంకోటుంది. గేటు మా ఇల్లే అని ధీమాగా రాసిన మనిషి, ఆ ఇంట్లోనే ఉన్న మొగుడికి ఆ మాట చెప్పలేదు. చెబుదాం, చెబుదాం అనుకుంటూనే శనివారం వచ్చేసింది. రామమోహనరావు చెడ్డవాడు కాడు. కార్ల కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు, తెలుగు సంఘానికి రెండుసార్లు ప్రెసిడెంటు, ఊళ్ళో ఎవరింట్లో కలత వచ్చినా పిలిస్తే వెళ్ళి సర్దిచెప్పి వస్తాడు. సాత్విక్‌కి ఉద్యోగం రికమెండ్ చేసింది కూడా ఆయనే. అందుకే చెప్పలేదు.

ఆయన సోఫాలోంచి లేచి, రావయ్యా రా అంటూ సాత్విక్‌ని కూర్చోబెట్టాడు. మిఠాయి డబ్బా అందుకున్నాడు. ఆండాళ్, కాఫీ అన్నాడు. ఇంటికొచ్చిన మనిషికి కాఫీ ఇవ్వడమనేది ఆండాళ్ చేతులకి ఎంత అలవాటంటే, వాటంతటవే డికాక్షన్ తీసి, పాలు కలిపి, చక్కెర ఎంత అని కూడా అడిగేశాయి. అడిగాక తన మీద తనకే ఒళ్ళు మండింది.

సాత్విక్ చాలా నెమ్మదిగా మాట్లాడాడు. పాపం అత్తగారికి ఒంట్లో బాగోలేదంకుల్, చూసి రమ్మని టికెట్ తీశాను, దానికే ఇంత రాద్ధాంతం. ఇంట్లో ఒక్కతీ ఉండి ఉండి, ఆ కథలూ అవీ రాసి రాసి ఏదో ఊహించుకుంటోంది. ఇవాళ ఇంటికొచ్చేసరికి బీరువా ఖాళీ. మెయిల్ తెరిస్తే ఆంటీ చాప్టర్ కనిపించింది. రామమోహనరావు కప్పు కింద పెట్టేశాడు. సూట్‌కేసుతో ఒక పిల్ల తన ఇంటి కింద ఉందన్న సంగతి తనకి పరాయివాడి నోట తెలిసింది. ఆండాళ్ వైపు చూశాడు. ఆ చూపుకి ఆండాళ్ తల దించుకుంది, కానీ దించుకునే ఒక ప్రశ్న అడిగింది.

"పాపకి టికెట్ తీశావా?"

చిన్నది కదాంటీ, అంత దూరం ప్రయాణం దేనికన్నాడు. మరి పూజిత పాస్‌పోర్టో అంటే, సేఫ్‌గా ఉందన్నాడు. తిరుగు టికెట్టో అంటే, ఓపెన్‌గా ఉంచానన్నాడు. మూడింటికీ అదే నవ్వు. వాచీ చూసుకుని, పాప నిద్రపోయే టైమవుతోంది, కార్లో కార్‌సీట్ కూడా పెట్టుకొచ్చాను, పూజిత కాస్త కోపంగా ఉంటే పోనీ సాయంత్రం వస్తుంది, పాపనైతే ఇప్పుడే తీసుకెళ్తాను అన్నాడు. అప్పుడు అర్థమైంది ఆండాళ్‌కి. అతనొచ్చింది పెళ్ళాం కోసం కాదు. పాప ఆ కార్‌సీట్‌లో కూర్చుంటే చాలు, పూజిత తనంతట తనే వెనకాల వెళ్తుంది. రేపు తనంతట తనే విమానం కూడా ఎక్కుతుంది.

నేను చూసొస్తానని ఆండాళ్ కిందికి పరిగెత్తింది. మోకాళ్ళ నొప్పి సంగతే మర్చిపోయింది. కింద పూజిత గోడకి ఆనుకుని, పాపని రెండు చేతులా పొదువుకుని ఉంది. పైనుంచి అతని గొంతు వినిపిస్తూనే ఉన్నట్టుంది, మొహంలో నెత్తురు చుక్క లేదు. రాధారాణేమో హ్యాండ్‌బ్యాగ్ భుజాన వేసుకుని నిలబడి ఉంది. సాత్విక్ వాళ్ళ టీమ్‌లోనే మా ఆయనా పని చేస్తున్నారండీ, తెలుసుగా, అంది గొంతు తగ్గించి. కథ రాసుకోవడం వేరు, ఇది వేరు, పిల్లాణ్ణి కూడా టెన్నిస్ క్లాసు నుంచి తెచ్చుకోవాలి. పెరటివైపు తలుపు జరుపుకుని వెళ్ళిపోయింది. అంట్లు వాటంతటవే కడుక్కునే ఊరిని కట్టిన మహాతల్లి! తలుపు మళ్ళీ వేసి కూడా పోలేదు, చలిగాలి లోపలికి కొట్టింది. వర్షా, మిగతావాళ్ళూ రానే రాలేదు. తొమ్మిది అధ్యాయాల ఊళ్ళో మిగిలింది ఇద్దరు.

ఆండాళ్ వెళ్ళి ఆ తలుపు వేసి, గడియ పెట్టి, ఇటు తిరిగేసరికి మెట్ల మీద అడుగుల చప్పుడు. రామమోహనరావు. ఏం జరిగిందమ్మా అని అడిగాడు పూజితని, ఎంతో ఆప్యాయంగానే. ఆమె పాపని ఇంకాస్త దగ్గరికి తీసుకుంది. పెద్దవాళ్ళం మేమున్నాం కదా, భయమెందుకు, నాలుగు రోజులుంటే అన్నీ సర్దుకుంటాయి, పాప వాళ్ళ నాన్న ఒకసారి చూస్తానంటున్నాడు అన్నాడు. నాన్న అన్న మాట వినగానే పాప తల్లి చేతుల్లోంచి జారి, డాడీ డాడీ అంటూ ఆయన కాళ్ళ దగ్గరికి వెళ్ళింది. ఆయన ఎత్తుకున్నాడు. పూజిత చెయ్యి గాల్లోకి లేచి అలాగే ఉండిపోయింది. పెద్దాయన చేతుల్లోంచి పిల్లని ఎలా లాక్కోవాలో ఆ పిల్లకి ఎవరు నేర్పారు? ఆయన పాపతో మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

పూజిత అరిచినా బాగుండేది. అరవలేదు. ఆండాళ్ వైపు చూసింది, అంతే.

ఆండాళ్ ఆ మెట్లు ఎలా ఎక్కిందో ఆవిడకే తెలియదు. పైకొచ్చేసరికి సాత్విక్ లేచి నిలబడి చేతులు చాపి ఉన్నాడు, పాప కూడా చేతులు చాపి ముందుకి వంగుతోంది. రామమోహనరావు నవ్వుతూ అడుగు వేస్తున్నాడు. ఆండాళ్ వెళ్ళి ఇద్దరి మధ్యా నిలబడింది. జరుగు ఆండాళ్ అన్నాడాయన మెల్లగా. మొగుడూ పెళ్ళాల మధ్య మనమెవరం, తండ్రి అడిగితే ఇవ్వకపోవడం ఎక్కడి న్యాయం, ఊళ్ళో మన పేరేమవుతుంది అన్నాడు. ఆ మాటల్లో ఏదీ ఆండాళ్‌కి కొత్త కాదు. ఎన్ని ఇళ్ళల్లో ఆయన ఇవే మాటలు చెబుతుంటే తను పక్కన కూర్చుని తలూపింది! ఎంతమంది ఆడపిల్లల్ని నచ్చజెప్పి కార్లెక్కించారు ఇద్దరూ కలిసి!

"వినండి," అంది. "ఆ పిల్లని అతని చేతిలో పెట్టారంటే నేను ఈ ఇంట్లో ఉండను. బెదిరింపు కాదు. కింద ఒక సూట్‌కేసు ఉంది, దాని పక్కన నాది కూడా పెడతాను."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఆండాళ్ నోట అలాంటి మాట వినలేదు. నవ్వబోయాడు, పరాయివాడి ముందు భార్య ఏదో అంటే మగవాళ్ళు నవ్వుతారే, అలా. మొహం చూసి ఆగిపోయాడు. ఆ గదిలో పాప ఒక్కతే డాడీ డాడీ అంటోంది. అడుగు ముందుకి వేస్తే సాత్విక్, వెనక్కి వేస్తే ఆండాళ్. ఎంతసేపు అలా నిలబడ్డాడో గానీ, ఆండాళ్‌కి ఆయన మెడ మీద నరం కొట్టుకోవడం కనిపిస్తోంది. చివరికి పాపని ఇటు తిప్పి, ఆండాళ్ చేతికి ఇచ్చాడు. ఇస్తూ కళ్ళలోకి మాత్రం చూడలేదు. పాప కెవ్వుమంది.

సాత్విక్ మొహాన నవ్వు పోయింది. అది పోయాక ఉన్న మొహాన్ని పూజిత రోజూ చూస్తుంది కాబోలు. అదేమీ గొప్పగా లేదు. ఆమె నా వీసా మీద డిపెండెంట్ ఆంటీ, నేను కాదంటే ఈ దేశంలో ఆమెకి స్టేటస్ లేదు, మీ నవల అయిపోయాక ఎవరు చూస్తారు అన్నాడు. నా పిల్లని దాచారని 911కి, పోలీసులకి ఫోన్ చేస్తాను అన్నాడు. చట్టం ఎవరివైపో ఆండాళ్‌కి నిజంగా తెలియదు. నవలలో అయితే రాసేసేది, అక్కపల్లెలో చట్టం తమదే కదా. పాపని చంకలో బిగించి, బల్ల మీద ఫోన్ తీసి అతనికి అందించింది.

"చెయ్యి బాబూ. వాళ్ళొచ్చాక ఆ అమ్మాయి పాస్‌పోర్టు ఎవరు దాచారో, పాపకి టికెట్ ఎందుకు తీయలేదో వాళ్ళకే చెబుదువుగాని."

అతను ఫోన్ వంక చూశాడు. రామమోహనరావు వంక చూశాడు, ఇంకా ఆయన ఏదో అంటాడేమోనని. ఆయన మొహం తిప్పుకున్నాడు. సాత్విక్ గుమ్మంలో బూట్లు తొడుక్కుంటూ, మీలాంటివాళ్ళ ఇల్లు ఇలాంటిదని అనుకోలేదంకుల్ అన్నాడు. లాయర్‌తో వస్తానన్నాడు. రా, అంది ఆండాళ్. తలుపు వేసి, గొలుసు తగిలించి, కిటికీ తెర సందులోంచి చూస్తూ నిలబడింది. కారు చాలాసేపు డ్రైవ్‌వేలోనే ఉంది, ఇంజను ఆన్‌లోనే. పాప ఏడ్చి ఏడ్చి వెక్కుతోంది. తర్వాత కారు వెనక్కి జరిగి, వీధి మలుపు తిరిగింది.

ఆండాళ్ కిందికి వెళ్ళి పాపని తల్లి ఒళ్ళో పెట్టింది. పూజిత ఏడవలేదు. పాప వీపు నిమురుతూ తలుపుల వైపే చూస్తోంది, ఒకసారి పెరటి తలుపు, ఒకసారి మెట్లు. సోమవారం లాయర్‌ని చూడాలనీ, తన దగ్గర పనిచేసిన నర్సు ఒకామె ఆడవాళ్ళ షెల్టర్‌లో ఉందనీ, ఇవాళే ఫోన్ చేస్తాననీ ఆండాళ్ ఏదేదో చెప్పింది. ఆ పిల్లకి వినిపించిందో లేదో తెలియదు. పైన వంటింట్లో మైక్రోవేవ్ మోగింది. తర్వాత మెట్ల పైనుంచి రామమోహనరావు గొంతు వచ్చింది.

"అమ్మా పూజితా, పాపకి పాలు వెచ్చబెట్టాను. కిందికి రావచ్చా?"

పూజిత బిగుసుకుపోయి ఆండాళ్ వంక చూసింది. ఆండాళ్‌కి నోటిదాకా వచ్చింది, రండి అని. ఆయన గొంతులో ఉన్నది ఆవిడకి తెలుసు, ఆయన మీద జాలి కూడా వేసింది. అయినా పెదవి కదపలేదు. అడిగింది తనని కాదు.

"ఇప్పుడొద్దంకుల్," అంది పూజిత. చాలా చిన్నగా అంది, పైకి వినిపించిందో లేదో అని మళ్ళీ అంది. "అక్కడనే పెట్టుండ్రి."

అని పాపని గుండెలకి అదుముకుని, భుజాలు ముడుచుకుని, కళ్ళు మూసుకుంది. వద్దన్నాక ఏం జరుగుతుందో తెలిసిన మనిషి కూర్చున్నట్టు కూర్చుంది. సరేనమ్మా, అన్నాడాయన. గ్లాసు మెట్టు మీద పెట్టిన చప్పుడైంది. అడుగులు వెనక్కి వెళ్ళి, హాలు దాటి, దూరమైపోయాయి. పూజిత ఇంకాసేపు అలాగే కళ్ళు మూసుకుని ఉంది. ఇంకేమీ జరగలేదు. అంతే, ఇంకేమీ జరగలేదు. అప్పుడు కళ్ళు తెరిచి, ఆ మెట్ల వంకే చూస్తూ, పాప ఉలిక్కిపడేంత గట్టిగా ఏడ్చింది.